పదకొండూ పచ్చివే

తప్పంతా కాంపౌండరుదే. ఈ మాట మేస్త్రి మధ్యాహ్నం నుంచి ఆరుసార్లు అన్నాడు. ఏడోసారి అనడానికి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

కాంపౌండర్ అంటే నిజంగా కాంపౌండరేమీ కాదు. మేస్త్రికి స్వయానా బామ్మర్ది, మందుల కొట్లో పని. నొప్పి తెలియకుండా సూది పొడుస్తాడని వీధివాళ్ళు ఆ పేరు తగిలించారు. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు పిల్లల కోసం వైద్యం చేయించుకుంటున్న తన అక్క పొట్ట మీద ఆఖరి ఇంజక్షన్ పొడిచింది అతనే. అక్కడి నుంచి సరిగ్గా ముప్పై ఆరు గంటలకు, అంటే ఈ పొద్దున, ఆసుపత్రిలో ఆమెకు మత్తిచ్చి గుడ్లు బయటికి తీశారు. పదకొండు వచ్చాయని నర్సు చెబితే మేస్త్రి వరండాలో కూర్చుని వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఆమెను ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, ఇంకా చెప్పులైనా విప్పకముందే ల్యాబ్ నుంచి ఫోను.

పదకొండూ పచ్చివే. ఒక్కటీ పండలేదు. నాలుగింటికి వచ్చి మాట్లాడమన్నారు.

"నువ్వు పొడిచిన సూదికి పండాల్సినవిరా అవి," అన్నాడు మేస్త్రి. "పది రోజుల పాటు పూటకో సూది పొడిపించుకుంది మీ అక్క. అవన్నీ నర్సమ్మలు పొడిచారు, అన్నీ పనిచేశాయి. నువ్వు పొడిచింది ఒక్కటి. అదే తగల్లేదు."

"టైము తప్పలేదు బావా. తొమ్మిదిన్నరకు అలారం మోగింది. ఆపింది నువ్వే."

"టైము సంగతి కాదు. చెయ్యి సంగతి."

కాంపౌండర్ తన చేతివంక చూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, పెళ్ళి కాలేదు, ఎవరేమన్నా ముందు తన తప్పే ఉందేమోనని వెతుక్కునే రకం. అలాంటివాణ్ణి తిట్టడం మేస్త్రికి ఎప్పుడూ సులువే.

వంటింట్లోంచి పెద్దక్క కత్తిపీట చప్పుడు ఆపింది. మేస్త్రిని చిన్నప్పుడు చంకనేసుకుని పెంచిన తోబుట్టువు. మొగుడు పోయాక ఈ ఇంటికే వచ్చి, ఈ ఇంటి తాళాలు తన కొంగుకు కట్టుకుంది. ఎవరి మొహమూ చూడకుండా మాట విసరడం ఆవిడ విద్య. మందుల కొట్లో ఉండేవాడికి మందు మార్చడం ఎంతసేపు అంది. ఖరీదైనది జేబులోకి, నీళ్ళు సూదిలోకి.

"వదినగారూ, సొంత అక్కకి నీళ్ళు ఎక్కిస్తానా నేను?"

"నేనెవర్నన్నాను నాయనా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస."

కత్తిపీట మళ్ళీ మొదలైంది.

పక్కగదిలో మేస్త్రి భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. ఆమె నిద్రపోవడం లేదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. తమ్ముడి తరఫున ఒక్క మాట అనలేదు. మొగుడి తరఫునా అనలేదు. దుప్పటి అంచును బొటనవేలికి చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ పడుకుంది. ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషను మీద బతుకుతున్న మనిషి. చేతికి గుడ్డ దొరికితే ఊరుకోదు.

నలభై ఒకటి నిండాయి ఆమెకు. ఇదే ఆఖరుసారి అనుకోండి, మించితే ఇంకో ఆరు నెలల్లో ఇంకొక్కసారి, ఆ తర్వాత మీ సొంత గుడ్ల మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఈసారి ఖర్చుకే మేస్త్రి తన రిపేరు షెడ్డు బేరం పెట్టేశాడు. ఆ ఇంకొక్కసారికి ఇంట్లో అమ్మడానికి మనుషులు తప్ప ఏమీ మిగల్లేదు. మనుషుల్ని కొనేవాళ్ళు లేరు.

"బావా, నాలుగవుతోంది," అన్నాడు కాంపౌండర్. "ఇద్దరం వెళ్దాం. నన్ను తిట్టేదేదో బండి మీద తిడుదువుగాని."

ల్యాబ్ బయట చెప్పులు విప్పించి, తలకు నీలం టోపీలు పెట్టి, ఇద్దరినీ ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. గది చల్లగా ఉంది. మేస్త్రి కూర్చోగానే పైనున్న ఏసీ వంక చూశాడు. ఎడమ రెక్క సరిగా తిరగడం లేదు. ఇరవై మూడేళ్ళుగా ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేస్తున్నవాడి కళ్ళు ఏ గదిలోకి వెళ్ళినా ముందు అక్కడికే పోతాయి. ఐదో క్లాసులో బడి మానేసినవాడు, ఏ పుస్తకమూ చదవకుండా, చేయి పెట్టి చూసి ఎన్ని డిగ్రీలుందో చెప్పగలడు. ఆ ఒక్క విషయంలో తనకు తిరుగులేదని అతని నమ్మకం. నమ్మకం అనేది కూడా చిన్న మాటే.

ల్యాబ్ మేడమ్ సన్నగా, చిన్నపిల్లలా ఉంది. గొంతు మాత్రం పెద్దమనిషిది. టేబుల్ మీద తెర వాళ్ళవైపు తిప్పింది. బూడిదరంగు గుండ్రం, దాని చుట్టూ తేటగా ఇంకో గుండ్రం, లోపల కొంచెం పక్కగా మరో చిన్న గుండ్రం.

"ఇది మీవాటిలో ఒకటి," అంది.

మేస్త్రి టోపీ సర్దుకున్నాడు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి, తమది అనదగ్గది ఒకటి ఎదురుగా కనపడడం. ఎంత ఉంటుందని అడిగాడు. ఇసుక రేణువంత కూడా ఉండదు అందామె.

లోపలున్న ఆ చిన్న గుండ్రాన్ని వేలితో చూపించింది. అది అలా కనిపిస్తోందంటే గుడ్డు ఇంకా నిద్రలో ఉన్నట్టట. ఆడపిల్ల తల్లికడుపులో ఉన్నప్పుడే ఆ పిల్లలో గుడ్లు పుడతాయట, పుట్టి ఏళ్ళ తరబడి అలాగే ముడుచుకుని పడుంటాయట. నెలకి కొన్ని ఎదగడం మొదలుపెడతాయి. ఎదిగే కొద్దీ చుట్టూ ఆ తేట పొర అల్లుకుంటుంది. పైన కంటికి కనపడనంత సన్నటి నూగు లేస్తుంది. ఇవన్నీ మీవాటికి చక్కగా అయ్యాయి, పది రోజుల సూదులు తమ పని తాము చేశాయి అని చెప్పింది. మిగిలింది ఆఖరి మెట్టు. ఆదివారం నాటి మందు ఒంట్లోకి వెళ్ళి, ఇక లే అని చెప్పాలి. చెబితే లోపలి గుండ్రం కరిగిపోతుంది. గుడ్డు తనలో ఉన్న సరుకులో సగాన్ని ఒక చిన్న పూసలా పక్కకు తోసేస్తుంది. ఆ పూస కనపడితేనే పండినట్టు.

"మగవాళ్ళ వైపుది పరిగెత్తి వెళ్ళి దూరిపోతుందని అనుకుంటారు అందరూ," అంది మేడమ్. "దూరడం కాదండీ. పైదాకా అది వస్తుంది, నిజమే. పట్టుకుని తనలో కలుపుకునేది గుడ్డు. ఆ కలుపుకునే గుణం దానికి పుట్టుకతో ఉండదు. కొంచెం కొంచెంగా వస్తుంది. పండని గుడ్డు పక్కన లక్ష పోసినా లాభం లేదు."

మేస్త్రికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ తన రిపోర్టులో లక్షలు ఉన్నాయని, లోపం తనది కాదని, పెద్దక్క వీధి అరుగు మీద చెప్పుకున్న మాట గుర్తొచ్చింది.

"సూదితో లోపల పెట్టేస్తారంట కదా మేడమ్. టీవీలో చూశాను."

"పెట్టొచ్చు. తలుపు పగలగొట్టి లోపలికెళ్ళిన చుట్టానికి ఎవరు లేచి మంచినీళ్ళిస్తారు చెప్పండి. లోపల పలికేది ఉండాలి కదా."

ఒక్కటే ఆశ ఉందని చెప్పింది. పదకొండింటినీ రాత్రంతా వెచ్చటి పెట్టెలో ఉంచుతారు. కొన్ని గుడ్లు బయట కూడా తమంతట తాము పండుతాయి. తక్కువ, కానీ పండుతాయి. రేపు పొద్దున తొమ్మిదికి చూస్తే తెలుస్తుంది.

తర్వాత ఇంకో కాగితం తీసింది. పొద్దున తీసిన రక్తంలో ఆదివారం మందు జాడ లేనే లేదు. అసలు తీసేటప్పుడే అనుమానం వచ్చిందట. పండిన గుడ్లు చేయి తగిలితే రాలిపోతాయి, ఇవి గోడను వదలకుండా ఉంటే డాక్టరమ్మ కడిగి కడిగి తీయాల్సి వచ్చింది.

కాంపౌండర్ కుర్చీలో ముందుకు జరిగాడు. తాను పూర్తిగా ఎక్కించానని, ఒక్క చుక్క బయట పడలేదని, కావాలంటే ఖాళీ సిరంజి ఇంట్లోనే ఉందని చెప్పాడు.

"మీరు ఎక్కించలేదనడం లేదు. మందులో బలం పోయుండొచ్చు. ఎక్కడ పెట్టారు?"

"కొట్లో ఫ్రిజ్జులోంచి శనివారం ఐసు డబ్బాలో తెచ్చాను. బావ ఇంట్లో ఫ్రిజ్జు తలుపు అరలో పెట్టి వెళ్ళాను."

"మా ఫ్రిజ్జుకేం ఢోకా లేదు," అన్నాడు మేస్త్రి. "నా చేత్తో నేనే..."

అని ఆగాడు.

మేడమ్ తల ఊపింది. వేడి తగిలితే మందు నెమ్మదిగా పాడవుతుందని, దానికి కొంచెం టైముంటుందని చెప్పింది. అన్నిటికంటే ప్రమాదం గడ్డకట్టడం. ఒకసారి ఐసు పట్టిందంటే మళ్ళీ కరిగినా పారేయాల్సిందే. చూడ్డానికి తేటగానే ఉంటుంది. లోపల ఏమీ ఉండదు.

మేస్త్రి పైనున్న ఏసీ వంక చూస్తూ ఉండిపోయాడు.

శనివారం సాయంత్రం ఇంటికి రాగానే తలుపు అరలో ఆ చిన్న అట్టపెట్టె కనపడింది. నవ్వొచ్చింది అతనికి. తలుపు అర అంటే ఫ్రిజ్జు మొత్తంలో పనికిమాలిన చోటు. తీసినప్పుడల్లా వేడిగాలి కొడుతుంది. మందుల కొట్లో ఉండి ఏం నేర్చుకున్నాడు వీడు అనుకున్నాడు. పెట్టె తీసి పైఅరలో వెనకాల, సన్నటి మంచు పట్టే పలకకు ఆనించి పెట్టాడు. జాగ్రత్త కోసం చల్లదనం పెంచే మరను ఆఖరు అంకెకి తిప్పాడు. ఇంత ఖరీదైన మందుకు ఆమాత్రం చల్లదనం ఉండొద్దా.

ఆదివారం రాత్రి కాంపౌండర్ ఇంకా రాకముందు, భార్య పెట్టె తెరిచి సిరంజిని లైటు కింద పట్టుకుంది. "ఏవండీ, ఇందులో పలుకులు పలుకులుగా ఉందేంటి?" అంది. ఇరవై మూడేళ్ళుగా చల్లదనంతో కాపురం చేస్తున్నాను, నాకు చెప్తావా, కాసేపు అరచేతిలో పట్టుకో, కరుగుతుంది అన్నాడు తను. ఆమె పట్టుకుంది. కరిగింది. తేటగా అయింది. తొమ్మిదింపావుకు తమ్ముడొచ్చాడు.

అప్పుడు ఆ గదిలో ఉన్నది ఇద్దరే.

"ఒకటి మాత్రం చేయొచ్చు," అంటోంది మేడమ్. ఒక ఫారం వాళ్ళ ముందు పెట్టింది. మీ తప్పు లేకుండా, పద్ధతిగా పెట్టినా మందు పనిచేయలేదని తేలితే, తయారుచేసిన కంపెనీ ఇంకోసారికి మొత్తం మందులు ఉచితంగా ఇస్తుంది. ఆసుపత్రి కూడా రెండోసారికి ఏమీ తీసుకోదు. కొన్న కొట్టు మీద మాత్రం విచారణ ఉంటుంది. కొట్లో ఫ్రిజ్జు చూస్తారు, అక్కడ పనిచేసేవాళ్ళని అడుగుతారు. భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టి రేపు తీసుకురండి.

ఇద్దరూ మెట్లు దిగారు.

బండి దగ్గర ఆగి కాంపౌండరే మొదలుపెట్టాడు. శనివారం మధ్యాహ్నం కొట్లో కరెంటు పోయిందని, రెండు గంటలు ఫ్రిజ్జు ఆగిందని, లోపల ఐసు ముద్దలున్నాయి కదా పర్వాలేదని యజమాని అంటే తాను ఊరుకున్నానని చెప్పాడు. "నువ్వు తిట్టినవన్నీ నిజమే బావా. తప్పు నా దగ్గరే జరిగింది. ఆ కాగితం మీద కొట్టు పేరు రాయి. విచారణలో నేనే ఒప్పుకుంటాను. మహా అయితే ఉద్యోగం పోతుంది. అక్కకి ఇంకోసారి దొరుకుతుంది కదా."

ఇప్పుడు చెప్పాలి. చెప్పడానికి మూడు మాటలు చాలు. మేస్త్రి నోరు తెరిచి బండి స్టార్ట్ చేశాడు.

దారి పొడుగునా అతను బామ్మర్దిని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అది గమనించి కాంపౌండర్ వెనక కూర్చుని ఇంకా కుంగిపోయాడు.

ఇంటికెళ్ళాక జరగాల్సింది జరిగింది. రక్తంలో మందు జాడ లేదని వినగానే పెద్దక్క రెండు చేతులూ తుడుచుకుని హాల్లోకి వచ్చింది. నే చెప్పలా అంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంది. ఇవాళ్టి నుంచి ఈ గడప తొక్కొద్దని కాంపౌండరుకు వేలు చూపించి చెప్పింది. అతను కొట్లో కరెంటు పోయిన సంగతి ఆవిడకు కూడా చెప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఊరుకో అక్కా," అన్నాడు మేస్త్రి.

"ఎందుకూరుకుంటానురా? మధ్యాహ్నం నుంచి నువ్వంటున్న మాటే కదా నేనంటున్నది. ఇప్పుడు నీకేమొచ్చింది జాలి?"

మధ్యాహ్నం తాను నాటిన మాట సాయంత్రానికి అక్క నోట్లో చెట్టయింది. నరకాలంటే గొడ్డలి తనమీదే వేసుకోవాలి.

కాంపౌండర్ గది గుమ్మం దాకా వెళ్ళి, "అక్కా, వెళ్ళొస్తాను. రేపు ఆసుపత్రికి నేరుగా వస్తా," అన్నాడు. లోపలి నుంచి "తిని వెళ్ళు" అని వినపడింది. అంతే. తప్పు నీది కాదురా అని ఆ గొంతు అనలేదు. అంటుందేమోనని మేస్త్రి గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆ ఒక్క మాట ఆమె అనేస్తే తనకు చెప్పాల్సిన పని ఉండదు. అనలేదు.

దీపాలు పెట్టే వేళకి ఆమె లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, మొగుడికీ తనకూ కంచాలు పెట్టింది. పడుకోమంటే వినలేదు. మేస్త్రి ఎదురుగా కూర్చుని అన్నం కెలికాడు. నొప్పిగా ఉందా అని అడిగాడు. లేదంది. రేపు కొన్ని పండొచ్చట అన్నాడు. ఊఁ అంది. ఎన్నయినా సరే, ఒక్కటి పండినా చాలు కదా అన్నాడు. ఆమె నీళ్ళ గ్లాసు అతనివైపు జరిపింది.

"నీకేమైనా అనాలనుందా?" అన్నాడు చివరికి.

"ఏమనాలి?"

"ఏదైనా."

"పెరుగు వేసుకోండి," అంది.

ఆమె పడుకున్నాక మేస్త్రి వంటింట్లోకి వెళ్ళి ఒక పని చేశాడు. చిన్న మందు సీసా ఒకటి కడిగి, అందులో నీళ్ళు పోసి చిటికెడు ఉప్పు వేశాడు. ఒంట్లోకి వెళ్ళే మందులో కాస్త ఉప్పుంటుందని, ఉప్పునీళ్ళు అంత తొందరగా గడ్డకట్టవని అతనికి తెలుసు. సీసాను పైఅర వెనకాల, ఆ పలకకు ఆనించి పెట్టాడు. మర ఇంకా ఆఖరు అంకె మీదే ఉంది. ఏ మిషనునైనా పరీక్ష చేయకుండా అతను తప్పు ఒప్పుకోడు. మిషనులాగే తననూ చూసుకున్నాడు. గడ్డకట్టకూడదు, కట్టకూడదు అనుకుంటూ పడుకున్నాడు.

తెల్లారి తీసి చూస్తే సీసా అంచులంతా సూదుల్లాంటి పలుకులు. మధ్యలో మాత్రం నీళ్ళు కదులుతున్నాయి. సరిగ్గా ఆదివారం రాత్రి సిరంజిలో కనపడ్డట్టే.

అతను సీసాను కిటికీ వెలుగుకు పట్టుకుని నిలబడి ఉండగా వెనక చప్పుడైంది. భార్య. స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, ఆసుపత్రికి తయారై ఉంది. సీసా చూసింది. అతని మొహం చూసింది. అతని చేతిలోంచి సీసా తీసుకుని, తూములో వంచి, పలుకులు పూర్తిగా కరిగేదాకా పంపు కింద పట్టుకుని, లోపలా బయటా తోమి, గుడ్డతో తుడిచి గూట్లో బోర్లించింది. తర్వాత ఫ్రిజ్జు తెరిచి మరను ఆఖరు అంకె మీంచి మూడుకు తిప్పింది.

"తొమ్మిదికి రమ్మన్నారు," అంది.

ఆ ముక్తసరి మాట మేస్త్రికి చెంపదెబ్బలా తగిలింది. పద్నాలుగేళ్ళలో ఆమె తన తప్పు ఏనాడూ ఎత్తి చూపలేదు, ఇవాళ కూడా చూపదు. నేనే చెప్పాలని చూస్తోంది అనుకున్నాడు. నా తమ్ముణ్ణి కుక్కలా నిలబెట్టి తిట్టించారు, ఇప్పుడైనా మగాడిలా నోరు విప్పుతారా లేదా అని చూస్తోంది. ఆసుపత్రి దాకా ఆ మాటే అతని తలలో తిరిగింది.

కాంపౌండర్ ముందే వచ్చి వరండాలో ఉన్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేదు. ముగ్గురినీ ఆ చల్లటి గదిలో కూర్చోబెట్టారు.

ల్యాబ్ మేడమ్ వచ్చి ఎదురుగా కూర్చుంది. పదకొండింటిలో ఎనిమిది నిన్న ఉన్నట్టే ఉన్నాయట. రెండు నల్లబడి పోయాయి. ఒకదానిలో లోపలి గుండ్రం కరిగింది. అక్కడే ఆగిపోయింది. పూస బయటికి రాలేదు. తెల్లవారుజామున ఐదింటికి వచ్చి చూశాను, ఎనిమిదింటి దాకా చూశాను అంది మేడమ్. ఆమె గొంతు కూడా అరిగిపోయినట్టుంది.

"దాన్ని ఇంకా ఉంచితే?" అంది భార్య. ఈ రెండు రోజుల్లో గుడ్ల గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న.

"ఉంచానమ్మా. ఇంక ఉంచితే అది పండటం కాదు, ముదరడం. నిజం చెప్పాలి కదా మీకు."

భార్య తల ఊపింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

మేడమ్ నిన్నటి ఫారం గురించి అడిగింది. కాంపౌండర్ తన జేబులోంచి ఫారమూ పెన్నూ తీసి బావ ముందు పెట్టాడు. కొట్టు పేరు, చిరునామా తానే రాత్రి పూర్తిచేశాడు. మిగిలినవి గళ్ళు. మేస్త్రి వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఎప్పుడు కొన్నారు. ఎందులో తెచ్చారు. ఎక్కడ ఉంచారు. తొమ్మిదో గడిలో, మందు ఎప్పుడైనా గడ్డకట్టిందా అని ఉంది. పక్కన రెండు చిన్న చతురస్రాలు. అవును. కాదు.

"పెట్టెయ్ బావా," అన్నాడు కాంపౌండర్ మెల్లగా. "నాకేం కాదు."

మేస్త్రి భార్య వంక చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. రెప్ప వేయడం లేదు. ఆ చూపులో ఏదో అడుగుతోంది. ఇన్నేళ్ళలో ఆమె అతన్ని ఏదీ అంత గట్టిగా అడగలేదు. అర్థమైందనుకున్నాడు. గుండె దిటవు చేసుకుని, అవును అన్న చతురస్రంలో గీత గీశాడు.

"గడ్డకట్టింది మేడమ్," అన్నాడు. "ఈ పిల్లాడు తలుపు అరలో సరిగానే పెట్టాడు. తీసి వెనక పలకకు ఆనించింది నేను. పలుకులు కూడా చూశాను. చూసి, కరిగించి ఇమ్మన్నాను. వీడిది ఏ తప్పూ లేదు."

చెప్పేశాక ఒళ్ళు తేలికైంది.

మేడమ్ కాగితం తీసుకుని చదివింది. ఆ గీతను ఒకసారి, మేస్త్రి భార్యను ఒకసారి చూసింది. అలాగైతే కంపెనీకి పంపడానికి ఏమీ ఉండదని, రెండోసారి సంగతి కూడా ఇక లేనట్టేనని, తనకు బాధగా ఉందని చెప్పి, కాగితం ఫైల్లో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గదిలో ఏసీ రెక్క కొట్టుకుంటున్న చప్పుడు.

"ఎవరడిగారు మిమ్మల్ని?" అంది భార్య.

గొంతు పెంచలేదు. అందుకే మేస్త్రికి మొదట అర్థం కాలేదు.

"నువ్వే కదా... నీ తమ్ముడి మీద పడకూడదని..."

"నేనడిగానా? ఎప్పుడైనా నోరు తెరిచి అడిగానా? నిన్నటి నుంచి పళ్ళ బిగువున కూర్చున్నాను. ఆ సీసా కడిగి బోర్లించాను. మర తిప్పాను. ఇంకెలా చెప్పాలండీ మీకు? కాదు అన్నచోట ఒక్క గీత గీయండి అని నా కళ్ళల్లో కనపడలేదా?"

కాంపౌండర్ ఆమెవైపు తిరిగాడు.

"అంటే నీకు ముందే తెలుసా అక్కా?"

"తెలుసు."

"నిన్న వదినగారు నన్ను దొంగన్నప్పుడు కూడా?"

"తెలుసురా. నీకు ఇంకో కొట్టు దొరుకుతుంది," అంది ఆమె. "నాకు ఇంకో వయసు దొరుకుతుందా?"

అతను టేబుల్ మీద తన పెన్ను తీసుకుని, మూత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. నిన్న తనంతట తాను ఇస్తానన్నదే ఆమె తీసుకోబోయింది. అయినా ఇవ్వడం వేరు, అడక్కుండా తీసుకోవడం వేరు. టోపీ విప్పి కుర్చీ మీద పెట్టి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వరండాలోకి నడిచాడు.

భార్య లేచింది. పొట్ట మీద చేయి పెట్టుకుని ఒక్క క్షణం నిలదొక్కుకుంది. అతను పట్టుకోబోతే మోచెయ్యి పక్కకు తీసుకుంది.

"ఆ గుడ్లు ఏం చేస్తారో అడిగి రండి," అంది. "నేను కింద ఉంటాను." గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా, "ఇంటికా, ఇంకెక్కడికా అని నన్నిప్పుడు అడక్కండి," అంది.

మెట్ల మీద ఆమె అడుగులు ఆగి ఆగి వినపడ్డాయి. తర్వాత వినపడలేదు.

జేబులో ఫోను మోగింది. షెడ్డు కొనుక్కున్న ఇనుప సామాన్ల వర్తకుడు. అడ్వాన్సు ఎప్పుడో సూదులకింద కరిగిపోయింది, మిగతా పైకం ఈ పొద్దున ఆసుపత్రి ఖాతాలో పడిపోయిందట. పదకొండున్నరకు రిజిస్ట్రేషను, తాళాలు పట్టుకుని మర్చిపోకుండా రమ్మంటున్నాడు. కాగితం మీద కొలతలు మీరు చెప్పినవే కదా, ఇంకోసారి సరిచూసుకుందాం, నోటితో చెప్పండి అన్నాడు.

మేస్త్రి ల్యాబ్ తలుపు వంక చూశాడు. మెట్ల వంక చూశాడు.

"మొత్తం నలభై ఆరు గజాలు," అన్నాడు. "రోడ్డు వైపు షట్టరుతో సహా."